బూజుపట్టిన బస్తా

కిందటి కార్తీకమాసంలో మా చిన్నాన్న ఊర్నించి ఒక బస్తా శెనక్కాయలు పంపించాడు. మీలో చాలామంది వేరుశెనగ అంటారు గానీ, మా అనంతపురం వైపు వాళ్ళకి శెనక్కాయే. ఆ బస్తా కాయలు కోతల్లో వానకి తడిశాయని ఆయన చెప్పనూ లేదు, నేను అడగనూ లేదు. స్టోరు రూములో ఓ మూలకి చేర్చి, పెళ్ళిళ్ళ హడావిడిలో దాని సంగతే మర్చిపోయాను. తీరా సంక్రాంతికి నాలుగు ఉండలు చేద్దామని మూతి విప్పేసరికి గుప్పుమని ముక్కవాసన! పైన ఉన్నవి బాగానే ఉన్నాయి. అడుగు నుంచి గుప్పెడు తీసి ఒలిస్తే, గింజ మీద ఆకుపచ్చా పసుపూ కలిసిన సన్నటి పొడి, కుంకంబరిణెలో అడుగంటినట్టు.

అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెప్పనా? సిగ్గుపడుతూనే చెబుతున్నాను. "మంచివి ఏరుకుని మిగతావి పనమ్మాయికి ఇచ్చేద్దాం. ఎండలో పోసి వేయించుకుంటే పోతుంది" అనుకున్నాను. చేట కోసం వంటింట్లోకి నడిచాను కూడా. మనకి పనికిరానిది పారెయ్యడానికి మనసొప్పదు, తినడానికీ మనసొప్పదు. ఆ రెంటికీ మధ్య మనకి దొరికే మార్గం ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యడం. పైగా పుణ్యం కూడాను!

చేట చేతిలో ఉండగానే ఎప్పుడో చదివిన ఒక సంగతి గుర్తొచ్చి ఆగిపోయాను. దాన్ని చెప్పాలంటే ముందు ఇంగ్లండులోని కోళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

1960లో, క్రిస్‌మస్ విందుల కోసం పెంచుకునే టర్కీ కోళ్ళు ఇంగ్లండులో ఉన్నట్టుండి చచ్చిపోవడం మొదలుపెట్టాయి. పది, ఇరవై కాదు, లక్షకి పైగా. రెక్కలు వాల్చేసి, మేత ముట్టకుండా, వారం తిరిగేసరికి పోయేవి. కోసి చూస్తే లివరు పాడైపోయి ఉండేది. ఏదో కొత్త అంటురోగమనుకున్నారు. పేరేం పెట్టాలో తెలియక "టర్కీ ఎక్స్ వ్యాధి" అన్నారు. స్కూల్లో లెక్కల మాస్టారు తెలియని సంఖ్యకి ఎక్స్ అనుకోమనేవారే, అలాగన్నమాట. వైరస్ కోసం వెతికారు, దొరకలేదు. ఒక ఫారం నుంచి పక్క ఫారంకి పాకనూ లేదు. చివరికి ఎవరెవరి కోళ్ళు చచ్చాయో, అవి ఏం తిన్నాయో జాబితా వేసి చూస్తే, అన్నీ ఒకే మేత తిన్నవని తేలింది. అందులో కలిపింది బ్రెజిల్ నుంచి ఓడలో వచ్చిన వేరుశెనగ చెక్క, అంటే నూనె తీసెయ్యగా మిగిలిన పిప్పి.

ఆ పిప్పిలో దాక్కున్న దోషి ఒక బూజు. పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లావస్. ఆ పేర్లలోని అక్షరాలే అటూ ఇటూ కలిపి, అది పుట్టించే విషానికి "అఫ్లాటాక్సిన్" అని పేరు పెట్టారు. అతినీలలోహిత కాంతి కింద పెడితే ఈ విషం మెరుస్తుంది. నీలంగా మెరిసేవాటికి బి అనీ, పచ్చగా మెరిసేవాటికి జి అనీ గుర్తులు. అందులో బి1 అనేది అన్నిటికన్నా చెడ్డది. మనుషుల్లో లివరు క్యాన్సర్‌కి కారణమయ్యేవాటిలో దాన్ని మొదటి వరుసలో పెట్టారు తరవాత. మరో చిక్కేమిటంటే, మామూలు వంట వేడికి ఇది పూర్తిగా పోదు. ఉడకబెట్టినా, వేయించినా కొంత తగ్గితే తగ్గుతుందేమో గానీ, గింజ శుద్ధి అయిపోయిందనుకోవడానికి లేదు. నేను పనమ్మాయికి మనసులో చెప్పిన సలహా ఉంది చూశారూ, "వేయించుకుంటే పోతుంది" అని, అది శుద్ధ తప్పు.

ఇంకో రెండు మూడేళ్ళకే, 1963లో, ఆడవాళ్ళు ఉలిక్కిపడాల్సిన మాట ఒకటి బయటపడింది. ఈ విషమున్న చెక్క మేసిన ఆవుల పాలని బాతుపిల్లలకి పడితే వాటి లివర్లు కూడా దెబ్బతిన్నాయి! ఆవు తిన్న విషం కొంచెం రూపు మార్చుకుని పాలల్లోకి దిగుతోందన్నమాట. ఆ పాలవిషానికి ఎం1 అని పేరు. ఇంగ్లీషులో పాలకి మొదటి అక్షరం ఎం కదా. కాచినా అది పోదు. ఈనాడు మన దేశంలో కిలో పాలల్లో అర మైక్రోగ్రాముకి మించి ఉండకూడదని నిబంధన ఉందంటే దాని మూలం అక్కడే ఉంది. గేదెకి పెట్టే చెక్కకి బూజు పట్టిందని మన అమ్మమ్మలు ఏనాడైనా పాలు పారబోశారా? పాపం, వాళ్ళకి ఎవరు చెప్పారు గనక!

సరే, విషం తెలిసింది. మరి విరుగుడు?

అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రంలో పియోరియా అని ఒక ఊరుంది. అక్కడ వ్యవసాయ శాఖవారి ప్రయోగశాల ఒకటి. దాని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే బూజుతో దానికి పాత చుట్టరికం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో గాయపడ్డ సైనికులకి పెన్సిలిన్ కావాలి, ఉన్న బూజు బొట్లుబొట్లుగా తప్ప ఇవ్వడం లేదు. ఎక్కువ ఇచ్చే బూజు కోసం ఈ ప్రయోగశాలవాళ్ళు దేశదేశాల మట్టి తెప్పించి వెతికారు. తీరా 1943లో అది ఎక్కడ దొరికిందో తెలుసా? వాళ్ళ ఊరి బజార్లోనే, బూజుపట్టిన ఒక కర్బూజా పండు మీద! ఈనాడు కార్ఖానాల్లో పెన్సిలిన్ తయారుచేసే బూజులు ఆ కర్బూజా బూజు సంతానమే. బూజని పేరు పెట్టి అన్నిటినీ ఒకే గాటన కట్టెయ్యకూడదు సుమండీ. ఒక బూజు ప్రాణం పోస్తే మరొకటి తీస్తుంది.

అలాంటి చోట వేలకొద్దీ సూక్ష్మజీవుల్ని సీసాల్లో దాచి, నంబర్లు వేసి పెట్టుకుంటారు. మనం ఆవకాయ జాడీల మీద ఏ సంవత్సరానిదో రాసుకున్నట్టు. సీగ్లర్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ ఒక ప్రశ్న వేసుకున్నారు. విషాన్ని పుట్టించినది ఒక సూక్ష్మజీవి అయినప్పుడు, దాన్ని మింగేది ఇంకో సూక్ష్మజీవి ఎందుకు ఉండకూడదూ? సీసాలు ఒక్కొక్కటే దించి, సుమారు వెయ్యి రకాల్ని పరీక్షించారు. బూజులూ, ఈస్టులూ, బాక్టీరియాలూ, చివరికి నాచు జాతులు కూడా. కొన్ని బూజులు విషాన్ని కొంచెం మార్చి ఊరుకున్నాయి. బాక్టీరియాల్లో ఒక్కటంటే ఒక్కటే పని పూర్తి చేసింది. దాని నంబరు బి-184, పేరు ఫ్లావోబాక్టీరియం ఆరాంటియాకం. 1966లో ఆ సంగతి అచ్చయింది.

ఆ వ్యాసంలోని ఫలితాలు చదువుతుంటే నాకు భలే ఉత్సాహం వచ్చింది. విషం కలిసిన పాలల్లో ఈ బాక్టీరియాని వేస్తే విషం మాయం. నూనెలో మాయం, వేరుశెనగల్లో మాయం, మొక్కజొన్నల్లో మాయం. సోయా చిక్కుళ్ళలో మాత్రం కొంత మిగిలిందిట. మాయమైన విషం మరో కొత్త విషంగా మారలేదు కదా అని మళ్ళీ బాతుపిల్లల్నే అడిగి చూశారు. అవి నిక్షేపంగా ఉన్నాయి. అంతకన్నా ఏం కావాలి?

అయితే మరి ఈపాటికి ఆ బి-184 పొట్లాలు మన కిరాణా కొట్లలో ఎందుకు దొరకడం లేదంటారా? ఎందుకంటే ఆ మహాతల్లి నారింజ రంగులో ఉంటుంది. దాని పేరులోనే ఉంది ఆ రంగు. తాకిన తిండికల్లా ఆ రంగు అంటిస్తుంది. నారింజరంగు పాలు ఎవరు తాగుతారు చెప్పండి? రంగు ఒక్కటే కాదులెండి అడ్డు. బాక్టీరియా పనిచెయ్యాలంటే తడి కావాలి, ధాన్యం నిలవ ఉండాలంటే పొడిగా ఉండాలి. పొడిగింజకి తడి చేస్తే ఉన్న బూజు మరింత పెరుగుతుంది. అదీగాక, మనుషులు తినే తిండిలో ఇలాంటి జీవిని కలపవచ్చునని రుజువు చెయ్యడం ఏళ్ళతరబడి పని. సీసాలో నెగ్గిన మందు గాదెలో నెగ్గాలని ఏముంది? ఆ బాక్టీరియా పేరు మాత్రం తరవాత శాస్త్రజ్ఞులు మార్చేశారు, నోకార్డియా అని వేరే కుటుంబంలో చేర్చారు. పెళ్ళయితే ఇంటిపేరు మారే మనకి అది పెద్ద వింతేం కాదు.

ఇప్పుడు నన్ను చేటతో నిలబెట్టేసిన సంగతికి వస్తాను.

1974. పియోరియావాళ్ళ వ్యాసం వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఆ ఏడాది రాజస్థాన్‌లో బాన్స్‌వాడా, దాన్ని ఆనుకుని గుజరాత్‌లో పంచమహల్ జిల్లాల్లో మొక్కజొన్న కోతల వేళకి అకాలవర్షాలు పడ్డాయి. కండెలు తడిశాయి. తడిసిన కండెల్నే ఇంటికి తెచ్చి నిలవ చేసుకున్నారు. అక్కడివాళ్ళు ఎక్కువగా భిల్లులు, పేద గిరిజనులు. వాళ్ళకి పూటపూటా మొక్కజొన్న రొట్టే. కొన్ని వారాలకి ఒక ఊరని లేదు, రెండువందలకి పైగా ఊళ్ళలో కామెర్లు. కళ్ళు పచ్చబడటం, కడుపు ఉబ్బి నీరుపట్టడం. లెక్కకొచ్చిన రోగులు 397 మంది, వాళ్ళలో చనిపోయినవాళ్ళు 106 మంది. మామూలు అంటు కామెర్లే అయితే ఊళ్ళో కుక్కలకెందుకు వస్తాయి? అక్కడ ఆ ఇళ్ళ తిండి తిన్న కుక్కలు కూడా అదే జబ్బుతో చచ్చిపోయాయి. ఇంగ్లండులో కోళ్ళు చెప్పిన సాక్ష్యాన్ని ఇక్కడ కుక్కలు చెప్పాయి.

ఈ కథలో మన హైదరాబాదుకి పాత్ర ఉంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అక్కడి డాక్టర్ కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, డాక్టర్ రమేశ్ భట్, వారి సహచరులూ ఈ వ్యవహారాన్ని శోధించి, 1975లో "లాన్సెట్" అనే ప్రసిద్ధ వైద్యపత్రికలో ప్రకటించారు. ఆ ఇళ్ళలోని మొక్కజొన్నల్లో కిలోకి 6 నుంచి 15 మిల్లీగ్రాముల పైదాకా అఫ్లాటాక్సిన్ ఉందని తేల్చారు. ఆ అంకె ఎంతటిదో అందాలంటే, ఇవాళ మన చట్టం తృణధాన్యాల్లో అనుమతించేది కిలోకి 15 మైక్రోగ్రాములు. అంటే వాళ్ళు తిన్న గింజల్లో కొన్నిట్లో దానికి వెయ్యి రెట్లు ఉందన్నమాట!

రోగుల్లో ఆడవాళ్ళకన్నా మగవాళ్ళు ఇంచుమించు రెట్టింపుట. దానికి కారణాలు డాక్టర్లు చెప్పాలి. నాకు మాత్రం, ముందు వాళ్ళకి వడ్డించి మిగిలింది తినే ఇల్లాళ్ళు కళ్ళకి కట్టారు. ఆ ఏడాది ఆకలి కొందరిని కాపాడిందేమోనన్న పిచ్చి ఊహ. ఊహే సుమండీ, శాస్త్రం కాదు.

నన్ను కదిలించింది అంకెలు కాదు. ఆ రొట్టె చేసిన ఆడమనిషికి వాసన తెలియదా? నాకు తెలిసిన ముక్కవాసన ఆవిడకీ తెలుసు. రంగు కూడా తెలుసు. ఆ గింజలు చేటలో పోసి ఆవిడా ఏరే ఉంటుంది. కానీ ఏరగా మిగిలేదాంతో ఇంటిల్లిపాదికీ సరిపోవద్దూ? మరో బస్తా ఉన్నవాళ్ళకి "పారెయ్యండి" అని చెప్పడం సులువు. ఉన్నదొక్కటే బస్తా అయినప్పుడు ఆ సలహాకి అర్థం "ఉపవాసం ఉండు" అనే. అందుకే, పారేసే దిక్కులేని గింజని కూడా శుద్ధి చేసే ఉపాయం ఏదైనా ఉందా అని వెతకడం ఏ ప్రయోగశాలలోనో పొద్దుపోని పని అని నేననుకోను.

బాన్స్‌వాడాతో అయిపోయిందా అంటే కాలేదు. 2004లో ఆఫ్రికాలోని కెన్యాలో సరిగ్గా ఇదే జరిగింది. మళ్ళీ తడిసిన మొక్కజొన్న, మళ్ళీ కామెర్లు. 317 మంది జబ్బుపడితే 125 మంది పోయారు. అంతకుముందు, 1995లో, మన దక్కన్ పీఠభూమి పల్లెల్లోనే వానకి తడిసిన జొన్నలూ మొక్కజొన్నలూ తిని జనం కడుపునొప్పి, విరేచనాలతో అవస్థపడ్డారు. అది వేరే బూజు, వేరే విషం, పేరు ఫ్యుమొనిసిన్. దాన్ని పట్టుకున్నది మళ్ళీ హైదరాబాదు సంస్థవారే. ఈసారి ప్రాణాలు పోలేదు, అదే పదివేలు.

ఇంతకీ, మన పాలు తోడుపెట్టే బాక్టీరియాలు ఊరికే కూర్చున్నాయా? 1998లో ఫిన్లండు, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పెరుగు జాతికి చెందిన బాక్టీరియాల్ని ఈ విషంతో కలిపి చూశారు. వాటిలో లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అనే దానిలో రెండు రకాలు ద్రవంలో ఉన్న అఫ్లాటాక్సిన్ బి1లో సుమారు 80 శాతాన్ని పట్టేసుకున్నాయి. ఒకదాని పేరు జీజీ. ఏమిటీ ముద్దుపేరు అనుకుంటే, దాన్ని 1983లో మనిషి పేగుల్లోంచి వేరుచేసిన గోర్బాక్, గోల్డిన్ అనే ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు. ఇవి పియోరియా బాక్టీరియాలాగా విషాన్ని హరాయించుకోవు. తమ పైగోడకి అంటించుకుంటాయి, చింతపండు పట్టిన గిన్నెకి నారపీచులా. తమాషా ఏమిటంటే, వేడిచేసి చంపేసిన బాక్టీరియాలు కూడా ఆ పని చేశాయి. చచ్చినా పట్టు వదలకపోవడం అంటే ఇదే.

2006లో ఇంకో అడుగు వేశారు. చైనాలోని గ్వాంగ్‌జౌ ప్రాంతంలో, తిండి ద్వారా ఈ విషం ఒంట్లోకి పోతూండే 90 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఐదు వారాలపాటు రెండు మంచి బాక్టీరియాల మాత్రలు కొందరికీ, ఉత్తుత్తి మాత్రలు కొందరికీ ఇచ్చారు. విషం శరీరంలో చేసే హాని తాలూకు ఆనవాలు ఒకటి మూత్రంలో కనిపిస్తుంది. బాక్టీరియా తిన్నవాళ్ళలో ఐదో వారానికి అది సగానికి సగం, 55 శాతం, తగ్గింది. విషం పేగుల్లో రక్తంలోకి జారకముందే ఈ బుల్లి జీవులు దాన్ని వాటేసుకుని బయటికి మోసుకుపోయాయని అనుకుంటున్నారు.

ఇది చదివి "అయితే బూజుగింజల్ని మజ్జిగలో నానేస్తే సరి" అనుకునేరు! వద్దు తల్లీ. అన్ని పెరుగులూ ఒకటి కావు. ఏ బాక్టీరియా ఎంత పట్టుకుంటుందో రకాన్ని బట్టి మారిపోతుంది, మన గిన్నెలో ఏ రకం ఉందో మనకెలా తెలుస్తుంది? పట్టుకున్నది కూడా ఒక్కోసారి వదిలేస్తుంది. గంజి పులియబెట్టి తాగే అలవాటు మనకీ, ఆఫ్రికా వాళ్ళకీ తరతరాలుగా ఉంది. పులిస్తే కొన్ని ధాన్యాల్లో విషం కొంత తగ్గినట్టు పరీక్షల్లో కనిపించింది కూడా. కొంత తగ్గడం వేరు, పోవడం వేరు. చేతిలో గరిటె ఉన్నవాళ్ళం ఆ తేడా మర్చిపోకూడదు.

ఈ బాక్టీరియాల్లో నిజంగా ప్రయోగశాల గడప దాటి బస్తాల్లోకి వచ్చినదాని కథ మరీ చోద్యం. అది మనకి బాగా తెలిసిన చోటునుంచే వచ్చింది, ఆవు పొట్టలోంచి.

యూరపులో గోధుమకీ, మొక్కజొన్నకీ చలిదేశపు బూజు ఒకటి పడుతుంది. దాని విషం తింటే పందులు వాంతి చేసుకుంటాయి, అందుకని దానికి "వామిటాక్సిన్" అనే ముద్దుపేరు కూడా ఉంది. కాస్త ఎక్కువైతే పందులు మేతే మానేస్తాయి. అదే మేత ఆవుకి పెడితే దానికి అంతగా పట్టదు, తాపీగా నెమరువేస్తూ కూర్చుంటుంది. ఎందుకనీ? ఆవుకి ఆహారం అసలు కడుపులోకి దిగేముందు పులిసే సంచి ఒకటి ఉంటుంది, అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు. వాటిలో ఏదో ఈ విషాన్ని విరిచేస్తోందన్నమాట. ఆస్ట్రియా పరిశోధకులు ఆ పొట్టలోని రసం నుంచి ఆ ఒక్కదాన్ని వేరుచేసి పట్టుకున్నారు. పేరు బిబిఎస్‌హెచ్ 797. విషపు అణువులో కొరికే పన్నులాంటి భాగం ఒకటుంటుంది, ఇది ఆ పన్ను ఊడగొడుతుంది. తక్కినదంతా ఉన్నా ఇక కరవలేదు. 2013లో యూరోపియన్ యూనియన్ దీన్ని పందుల మేతలో కలపడానికి అనుమతి ఇచ్చింది. మరుసటి ఏడాదే, ఫ్యుమొనిసిన్‌ని, అదే, దక్కన్ పల్లెల్ని ఏడిపించిన విషాన్ని, విరిచే ఎంజైము ఒకదానికి కూడా అనుమతి దొరికింది. ఆ ఎంజైముకి మూలం ఒక మట్టి బాక్టీరియా.

ఆవు ఇన్ని చేసినా అఫ్లాటాక్సిన్‌ని మాత్రం ఆపలేక పాలల్లోకి పంపిస్తుంది. ఎవరి బలహీనత వాళ్ళది.

చూశారా ఈ చిత్రం? యూరపులో పంది తినే గింజకి విరుగుడు దొరికింది. పందికి మేత పెట్టేవాడికి లెక్క తెలుసు, పంది బరువు తగ్గితే ఎంత నష్టమో, పొట్లానికి ఎంత ఖర్చో. మేతమిల్లులో ఒకచోట కలిపేస్తే వెయ్యి పందులకి సరిపోతుంది. బాన్స్‌వాడా గుడిసెలో మూల ఉన్న మొక్కజొన్న బుట్టకి ఆ మిల్లెక్కడిది? శాస్త్రజ్ఞుల్ని తప్పుపట్టను. ఆఫ్రికా పొలాల్లో మరో దారి తొక్కుతున్నారు కూడా. విషం పుట్టించడం చేతకాని ఆస్పర్జిల్లస్ బూజునే పైరు మధ్య చల్లి, విషపు బూజుకి చోటు లేకుండా చెయ్యడం. ముల్లుని ముల్లుతో తియ్యడమన్నమాట. అది పొలంలో పని, గాదెలో కాదు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో వేరుశెనగలో ఈ విషాన్ని చౌకగా పట్టిచ్చే పరీక్షలు తయారుచేశారు. పరీక్ష విషాన్ని చూపిస్తుంది, తియ్యదు.

ఇంట్లో గాదె దగ్గరికి వచ్చేసరికి మన అమ్మమ్మల పద్ధతే ఇప్పటికీ పెద్ద దిక్కు. కాయ కొరికితే కటుక్కుమనేదాకా ఎండబెట్టడం, నేల తగలకుండా చెక్క మీద బస్తా పెట్టడం, గోడకి జరిపి గాలాడనివ్వడం, పుచ్చుగింజా ముడతగింజా ఏరెయ్యడం. ఏరివేతతో చాలా విషం పోతుంది, ఎందుకంటే అది బస్తా అంతటా సమంగా ఉండదు, కొన్ని పాడు గింజల్లోనే పేరుకుని ఉంటుంది. కంటికి బాగున్నట్టు కనిపించే గింజలో కూడా కొంత ఉండవచ్చు, అదే దిగులు. అన్నట్టు, గానుగ నూనె మోజు ఈమధ్య మళ్ళీ పెరిగింది కదా. శుద్ధిచేసిన నూనెలో ఈ విషం దాదాపు ఉండదు. శుద్ధిచెయ్యని నూనెకి మాత్రం గింజ ఎలాంటిదో నూనె అలాంటిదే. గానుగవాడి దగ్గర నూనె రంగు చూసేముందు, కాస్త వంగి అతని గింజల బస్తాలోకి చూడండి.

మా బస్తా సంగతి చెప్పి ముగిస్తాను. పై కాయలు కూడా ఏరలేదు. పెరట్లో జామచెట్టుకి అవతల గొయ్యి తీయించి మొత్తం పూడ్పించేశాను. చిన్నాన్నకి చెబితే బాధపడతాడని ఉండలు బాగా కుదిరాయని అబద్ధమాడాను. గొయ్యి పూడుస్తూంటే మా పనమ్మాయి కొంగు బొడ్లో దోపుకుని నిలబడి చూస్తోంది.

"అంత మూటా మట్టిపాలు చేస్తారామ్మా? మా కోళ్ళకి వేసుకునేదాన్ని కదా!" అంది.

కోళ్ళ మాట ఎత్తింది కదాని ఇంగ్లండు టర్కీల కథంతా చెప్పాను. బుగ్గన వేలు వేసుకుని శ్రద్ధగానే విన్నది. లక్ష కోళ్ళు అనగానే "అయ్యో" అంది.

"అయితే అమ్మా, పోయినేడు మా అత్తోళ్ళ ఊళ్ళో జొన్నంతా వానకి నానిపోయింది. ఇట్టాగే వాసన. మేం కడుక్కోని, ఎండబెట్టుకోని, రొట్టెలు చేసుకోని తిన్నాం. అట్టాంటప్పుడు ఏం చెయ్యాలమ్మా?"

ఆవు పొట్ట సంగతీ, నారింజరంగు బాక్టీరియా సంగతీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. పందుల మేత గురించి ఆ పిల్లకి ఎలా చెప్పను? "పారెయ్యాలే" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా. వినపడిందో లేదో మరి, స్టోరు రూములో ఆ మూల వాసన పోయేలా కడగాలంటూ చీపురూ బకెట్టూ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.